టపాలో రాకూడని రాయి

మొంతెసెల్వ, 29 మార్చి 1984

ప్రియమైన లొరేతా అక్కా,

ప్రభువు శాంతి నీ ఇంట ఉండాలి. నువ్వు నీ కొడుకు దగ్గరికి బెర్గమో వెళ్ళి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నేను నీకు పంపినవి మట్టల ఆదివారానికి ఒక ఒలీవ రెమ్మ, క్రిస్మసుకు ఒక కార్డు, అంతే. "రెండు ముక్కలు రాయవే, చెయ్యి అరిగిపోదు" అని నువ్వు సొంత అక్కలా తిట్టినప్పుడల్లా నవ్వి ఊరుకున్నాను. ఇవాళ కలం పట్టానంటే, ఇది రొక్కో బారులో ఫోను పట్టుకుని చెప్పే మాట కాదు కనుక. రొక్కో గ్లాసులు తుడుస్తున్నట్టే ఉంటాడు, ఒక్క మాట కింద పడనివ్వడు. అటు పక్క నీ కోడలు ఉంటుంది.

మంగళవారం మన వీత తన తరగతి పిల్లలను పందొమ్మిది మందిని రోమనుల ఇంటికి తీసుకొచ్చింది. నీ కూతురని చెప్పడం కాదు గానీ, పిల్లలు దాని వెనక కోడిపిల్లల్లా నడుస్తారు. కాపలా నాదే కనుక నేను తాళం తీసి, రేకుల కప్పు కింద రంగురాళ్ళతో బొమ్మలు పొదిగిన ఆ పాత నేల మీద రెండు బిందెల నీళ్ళు చల్లాను. తడిస్తే గానీ ఆ రాళ్ళ రంగులు పైకి రావని మా నాన్న చెప్పేవాడు. చేపలు, కుక్క, బాతు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. పిల్లలు "ఓ!" అన్నారు.

"వంటిల్లేదీ?" అన్నాడు రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి.

"ఇదే. మసి కనబడలా?" అంది వీత.

"దీనికంటే మా అమ్మ వంటిల్లే నయం. కప్పయినా ఉంది."

"వీళ్ళకీ ఉండేదిరా. పదిహేడొందల ఏళ్ళు ఆగి రా, మీ అమ్మ కప్పు సంగతి చూద్దాం."

ఒక పిల్ల నా గౌను అంచు లాగి, "వీళ్ళు గుడికెళ్ళేవాళ్ళా?" అంది. వెళ్ళేవాళ్ళే, మన గుడికి కాదు అన్నాను. "అయితే నరకంలో ఉన్నారా?" అంది. "వాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ నువ్వు ఆ తాడు దాటకు తల్లీ" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక చీపురు పట్టుకుంటే బాతుకు కన్ను లేదు. ఎర్రటి రాయి, కందిగింజంత. అది ఉన్న చోట చిన్న గుంట. ఉదయం ఉంది, నేను నీళ్ళు చల్లినప్పుడు చూశాను.

నెలాఖరుకు నేను పురావస్తు ఆఫీసుకు కాగితం పంపాలి. ఎవరు వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, ఏమైనా మారిందా. రాస్తే వీత పేరు రాయాలి. తొమ్మిదేళ్ళు ఇక్కడ కొన్నాళ్ళు, అక్కడ కొన్నాళ్ళు పాఠాలు చెప్పిన పిల్ల. జూన్‌లో దాని ఉద్యోగం ఖాయం కావాలి. పిల్లలను కాయలేకపోయిందని ఒక్క ముక్క పడితే చాలు, ఏమవుతుందో నీకు తెలుసు. రాయకపోతే నేను అబద్ధమాడినట్టు. అదీ ఈస్టరు ముందు తపస్సుకాలంలో.

ఏం చేయమంటావు?

నీ ఎర్మెలింద

*

బెర్గమో, 5 ఏప్రిల్ 1984

ఎర్మెలిందా,

మూడేళ్ళకి ఉత్తరం వచ్చిందని సంబరపడి విప్పితే లోపల బాతు! ఏమే, కన్ను లేకపోతే అది ఈదలేదా? పదిహేడొందల ఏళ్ళు చూసింది, చాలదూ?

శుభ్రంగా విను. ఏమీ రాయకు. వాన పడింది, పిల్లి తవ్వింది, చీమలు మోసుకుపోయాయి అనుకో. కందిగింజంత రాయి కోసం నా కూతురి తొమ్మిదేళ్ళు తీసి గుంటలో వేస్తావా? జ్ఞానస్నానమప్పుడు వీతకు తలమీద నీళ్ళు పోసిన రోజు దాన్ని ఎత్తుకున్నది నువ్వు. ఫాదర్ గారు అడిగితే "ఈ బిడ్డకు తోడుంటాను" అన్నది నువ్వు. జ్ఞానతల్లి అంటే ఈస్టరుకు చాక్లెట్టు గుడ్డు కొనిపెట్టేది మాత్రమే అనుకున్నావా?

ఇక్కడ నాకు రోజూ ఒకటే పని, మనవళ్ళ ముక్కులు తుడవడం. పొగమంచు. కోడలు మంచిదే, పాస్తా మాత్రం గంజిలా ఉడికిస్తుంది.

ఒక్క సంగతి నాకు అంతుపట్టడం లేదు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఆ నేల చూస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఒక్క రాయి తీయలేదు. ఇప్పుడు ఎందుకు తీశారు? వాళ్ళకు ఎవరైనా ఏమైనా చెప్పారా?

లొరేత

*

మొంతెసెల్వ, 12 ఏప్రిల్ 1984

అక్కా,

నీ కడపటి వాక్యం చదివి కాగితం మడిచి జపమాల పుస్తకంలో పెట్టేశాను. మళ్ళీ తీయడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు ఎప్పుడూ ఇంతే, గుమ్మంలో నిలబడే ఇల్లంతా చూసేస్తావు.

చెప్పింది నేనే. మొదటి ఉత్తరంలో దాచాను.

ఆ రోజు పిల్లలు గుమ్మం దగ్గర నల్లరాళ్ళ అంచు చూసి "ఇక్కడ ఇన్ని బొక్కలేంటి?" అని అడిగారు. ఇప్పుడు ఆఫీసువాళ్ళు దానికి సిమెంటు పూశారు గానీ, గుంటల ఆనవాళ్ళు ఉన్నాయి కదా. నాకు నోరు ఆగలేదు. ఒకప్పుడు ఈ ఊరి నుంచి పనికి పోయే ప్రతి మనిషీ బస్సెక్కే ముందు ఇక్కడికి వచ్చి ఒక నల్లరాయి తీసి జేబులో వేసుకునేవాడని, బెల్జియం గనులైనా బ్యూనస్ అయిరెస్ అయినా ఆ రాయి దగ్గరుంటే తిరిగొస్తాడని, వచ్చినవాడు తన చేత్తో తెచ్చి ఇంట్లో దేవుడి పటం కింద పెట్టేవాడని చెప్పాను. "ఇవి బొక్కలు కావు, మనుషులు" అన్నాను. వీత కూడా కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ఆపేశాను. రెండో సగం చెప్పలేదు. మనిషి పోతే తోటివాళ్ళు ఆ రాయిని కవర్లో పెట్టి ఇంటికి పంపేవారని, టపాలో రాయి వచ్చిందంటే ఇక అడగనక్కర్లేదని, మీ నాన్న రాయి అలాగే వచ్చిందని పిల్లలకు ఎలా చెప్పను? మంచిది చెప్పి చేదు మింగాను.

మొన్న శుక్రవారం గుడిలో సిలువమార్గం ప్రార్థన అయ్యాక జెరార్ద నా పక్కకు వచ్చి కూర్చుంది. తెయొదోరా కూతురు, పదేళ్ళది, రెండు జడలు. గుసగుసగా అడిగింది.

"పిన్నీ, రాయి జేబులోనే ఉండాలా? కోటు లైనింగులో కుట్టేస్తే పనిచెయ్యదా?"

"ఎవరి కోటమ్మా?"

"ఊరికే అడుగుతున్నా."

"ఊరికే అడిగేదానివి ఏడుస్తున్నావేం?"

"నల్లవాటికి సిమెంటు పెట్టేశారు పిన్నీ. నేనేం చెయ్యను? బాతుదే కదిలింది."

తండ్రి కనియో ఆ శనివారమే జర్మనీలో స్టుట్‌గార్ట్ వెళ్ళాడు, తాపీపనికి. అతనికి తెలియకుండా కోటులో కుట్టేసిందట. నాకు దాన్ని కోప్పడాలనిపించలేదు. కోప్పడితే మొదట నన్నే కోప్పడాలి.

మార్చి కాగితం నీ ఉత్తరం వచ్చేదాకా ఆపి, అందులో "మార్పు లేదు" అని రాశాను. నీ మాట విన్నాను, వీత కోసం. ఆ రాత మీద నా సంతకం ఉంది. పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేకపోతున్నాను. "మోకాళ్ళ నొప్పులా ఎర్మెలిందా?" అంటారు ఫాదర్ సవీనో.

అందుకని ఒక పని చేశాను. తెయొదోరాను ఏదో సాకు చెప్పి చిరునామా అడిగి, కనియోకు రాశాను. కోటు లైనింగులో ఒక ఎర్రరాయి ఉంటుంది, అది ఇక్కడిది, వెనక్కి పంపు, ఎవరికీ ఏమీ చెప్పకు, పిల్ల సిగ్గుపడుతుంది అని. అది రాగానే సున్నంతో అతికిస్తాను. రాయి ఉంటుంది, వీత ఉద్యోగం ఉంటుంది, నా ఏప్రిల్ కాగితం నిజమవుతుంది.

మట్టల ఆదివారం వస్తోంది. రెమ్మ ఇందులోనే పెడుతున్నాను.

నీ ఎర్మెలింద

*

బెర్గమో, 19 ఏప్రిల్ 1984, పవిత్ర గురువారం

ఒసేయ్ పిచ్చిదానా,

పంపమన్నావా? టపాలోనా? నీకు మతి ఉందా? ఉత్తరంలో పై పేరాలో నువ్వే రాసి, కింది పేరాలో నువ్వే మర్చిపోయావే! కనియో మన ఊరివాడు కాదు, లోయ అవతలి నుంచి ఇల్లరికం వచ్చినవాడు. అతనికి ఏం తెలుసు? తెయొదోరాకు తెలుసు. ఆవిడ తాత రాయి కూడా టపాలోనే వచ్చింది.

ఇప్పుడే మళ్ళీ రాయి. పంపొద్దను. ఆగస్టు సెలవులకు వచ్చేటప్పుడు తన చేత్తో తెమ్మను. అంతదాకా బాతు గుడ్డిగానే ఉండనీ.

నీకు ఎన్నడూ చెప్పనిది చెప్తాను. మా నాన్న రాయి వచ్చిన రోజు మా అమ్మ కవరు విప్పలేదు. బయటి నుంచి వేళ్ళతో తడిమింది. ఒక్కసారే. లోపలికి వెళ్ళి పొయ్యిలో నీళ్ళు పోసింది. ఉడుకుతున్న చిక్కుళ్ళు అలాగే ఆగిపోయాయి. నాకప్పుడు పంతొమ్మిది. "ఏమొచ్చిందమ్మా?" అంటే "మీ నాన్న" అంది. ఆయన పోయాడని కంపెనీవాళ్ళ కాగితం పదకొండు రోజులకు వచ్చింది. ఆ పదకొండు రోజులూ ఇరుగుపొరుగు వండి తెచ్చి తినిపించారు. ఇప్పటికీ ఎవరైనా గట్టి కవరు చేతికిస్తే ముందు బయటి నుంచి తడిమి చూస్తాను, తరువాతే విప్పుతాను.

సెలవులు, టపా కదలదు. ఇది నీకు ఎప్పుడు అందుతుందో. రేపు ఫోను చేద్దామంటే రొక్కో బారు గుడ్ ఫ్రైడే అని మూస్తాడు, తెరిచాక చేసినా అతని చెవిన పడకుండా ఈ మాట ఎలా చెప్పను. దేవుడా.

లొరేత

*

మొంతెసెల్వ, 9 మే 1984

అక్కా,

నీ ఉత్తరం ఏప్రిల్ ముప్పయిన అందింది. ఆ గంటలోనే కనియోకు రాశాను. ఆలస్యమైపోయింది.

మే రెండున, బుధవారం, టపామనిషి తెయొదోరాకు చిన్న గట్టి కవరు ఇచ్చాడు. జర్మనీ ముద్ర. లోపల ఒక రాయి, ఒక్క అక్షరం లేదు. నేనే కదా ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ మంచివాడు నా ఇంటిపేరు సరిగ్గా గుర్తులేక, పెళ్ళానికి పంపితే ఆ తాళం పట్టే ఆవిడకు, అంటే నాకు, ఇస్తుందిలే అనుకున్నాడట.

ఆ అరుపు నేను గుడిలో విన్నాను. మరియతల్లికి మే నెల పూలు సర్దుతున్నాను. వీధిలోకి వచ్చేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు నల్లశాలువలు కప్పుకునే పరిగెత్తుతున్నారు. ఎవరూ ఎవరినీ ఏమైందని అడగడం లేదు. తెయొదోరా గుమ్మంలో కూలబడి ఉంది, గుప్పిట మూసి. పొయ్యి అప్పటికే ఆర్పేశారు. ఒకావిడ చావు జరిగిన ఇంట్లోలా అద్దాన్ని గోడకు తిప్పుతోంది.

అక్కా, నా గొంతు నీకు తెలుసు. గుడిలో నా పాట నా పక్కదానికి వినపడదు. ఆ రోజు నేను వీధి మధ్యలో నిలబడి అరిచాను. "బతికే ఉన్నాడు! కనియో బతికే ఉన్నాడు!"

ఎవరూ నమ్మలేదు. ఓదార్పు మాటలనుకున్నారు. "అవునమ్మా, దేవుడి దగ్గర బతికే ఉంటాడు" అని ముసలి కార్మేల నా భుజం తట్టింది. అప్పుడిక అందరి ముందూ మొత్తం చెప్పాల్సి వచ్చింది. బాతు, పిల్లలు, నేను చెప్పిన కథ, దాచిన సగం, రాసిన ఉత్తరం. తెయొదోరా గుప్పిట తెరిచి చూసింది. రాయి ఎర్రగా ఉంది. మనవాళ్ళు తీసుకెళ్ళినవన్నీ నల్లవి. అప్పటికి గానీ నా మాట ఆవిడ చెవిన పడలేదు. "ఫోను" అంది.

రొక్కో బారులో ఊరంతా నిలబడింది. కనియో పనిచేసే చోటు నంబరు దొరకడానికి రెండున్నర గంటలు. రొక్కో ఎవరి దగ్గరా కాఫీకి డబ్బులు తీసుకోలేదు, అది కూడా నమ్మవు నువ్వు. చివరికి గొంతు వినపడింది.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"నువ్వే పోయావు, చచ్చినోడా!" అని తెయొదోరా ఫోను పట్టుకుని ఏడ్చింది. జనం ఏడుస్తూనే నవ్వారు.

ఆ నవ్వులో జెరార్ద లేదని ఎవరూ చూడలేదు. వీత చూసింది. ఇద్దరం వెతుక్కుంటూ వెళ్ళాం. కంచె కింద నుంచి దూరి రోమనుల ఇంట్లో, తాడు అవతల, బాతు పక్కన ముడుచుకుని కూర్చుంది. నేను నేల మీద దాని పక్కన కూర్చున్నాను, తాడు దాటి. ఎన్నడూ దాటలేదు నేను.

"నేనే చంపేశా" అంది.

"లేదు తల్లీ. ఇప్పుడే మాట్లాడాడు."

"నువ్వు అప్పుడు కూడా మంచిదే చెప్పావు."

అంతే అంది. వీత దాన్ని ఎత్తుకుని తీసుకెళ్ళింది. మళ్ళీ ఫోను చేసి తండ్రి గొంతు చెవిలో పెట్టారు. విన్నది. నవ్వలేదు. వారం రోజులైంది, బడికి వస్తోంది గానీ, నన్ను చూస్తే పక్కకు తిరుగుతుంది. తెయొదోరా నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు సంగతి ఊరంతటికీ తెలుసు. ఆఫీసుకూ చేరుతుంది. వాళ్ళు వచ్చేలోపు నేనే రాసేస్తున్నాను.

ఎర్మెలింద

*

బెర్గమో, 15 మే 1984

ఎర్మెలిందా,

నిన్ను తిట్టడానికి కూర్చుని గంట అయింది. తిట్లు రావడం లేదు.

నేనూ ఒకటి దాచాను. మట్టల ఆదివారం రోజు, నీ రెండో ఉత్తరం నాకు అందకముందే, వీత ఫోనులో నాతో అంది. ఆ పిల్ల తాడు దాటడం అది చూసిందట. వేలితో బాతు కన్ను కదుపుతుంటే చూసిందట. కనియో ఆ శనివారమే వెళ్ళిపోతున్నాడని దానికి తెలుసు. చూసి, మిగిలిన పిల్లలను చేపల వైపు తిప్పింది. "ఆపలేకపోయానమ్మా, నాకు తాతయ్య రాయి గుర్తొచ్చింది" అంది. నువ్వు బాధపడతావని నీకు చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు, నువ్వు రాసేస్తావని భయపడి.

ఇప్పుడు నీ చేతిలో పెట్టాను. ఆ రోజు జ్ఞానతల్లి అని గుర్తుచేసి నీ చేత అబద్ధం రాయించాను. ఇంకోసారి ఆ మాట ఎత్తను. నీ మనసుకు ఏది సరి అనిపిస్తే అది రాయి.

లొరేత

*

మొంతెసెల్వ, 12 జూన్ 1984

ప్రియమైన అక్కా,

ఆఫీసు నుంచి ఒక ఆయన వచ్చాడు. పెద్దమనిషి, టోపీ చేతిలో పట్టుకుని మాట్లాడాడు. రాయిని ఆయనే దాని చోట పెట్టించాడు. తరువాత నా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని నేను రాసిన కాగితం మళ్ళీ చదివాడు. పిల్లలకు ఆ కథ చెప్పి ఆశపెట్టింది నేనని, మార్చి కాగితంలో తెలిసీ "మార్పు లేదు" అని రాశానని, చెప్పకుండా జర్మనీకి ఉత్తరం రాశానని అందులో ఉంది.

"టీచరుగారికి తెలుసా అమ్మా?" అన్నాడు.

పొయ్యి మీద కాఫీ పొంగుతోంది. నేను లేచి దించాను. కప్పులో పోశాను. చక్కెర ఎన్ని చెంచాలని అడిగాను. ఒకటి చాలన్నాడు. కూర్చుని, "తాళం నాది బాబూ. కాయాల్సింది నేను" అన్నాను. అది నిజమే. ఆయన నా మొహం కేసి కొంచెంసేపు చూసి, కలం మూసేశాడు. కాఫీ బాగుందన్నాడు.

తాళం పంచాయతీ ఆఫీసుకు పోయింది. ఇప్పుడు చూడాలంటే ముందుగా చెప్పి రావాలట. తాళం ఇచ్చేసే ముందు ఒక్కసారి వీత పిల్లలను తీసుకురావచ్చా అని అడిగాను. ఆయన సరేనన్నాడు.

శనివారం వచ్చారు. జెరార్ద వెనక నిలబడింది. నేను నీళ్ళు చల్లి, నల్ల అంచు దగ్గర కూర్చుని రెండో సగం చెప్పాను. రాయి పట్టుకెళ్ళినవాళ్ళలో రానివాళ్ళు కూడా ఉన్నారని, రాయి ఎవరినీ కాపాడదని, మనుషులు పని కోసం పోతారు, కొందరు వస్తారు, కొందరు రారు, అది రాయి తప్పు కాదు, తీసినవాళ్ళ తప్పు కాదు అని చెప్పాను. మీ నాన్న పేరు కూడా చెప్పాను, అక్కా. మీ అమ్మ పొయ్యిలో నీళ్ళు పోసిందని చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను, క్షమించు.

తరువాత రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి, "మరి అయితే ఎందుకు తీసుకెళ్ళేవాళ్ళు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే జెరార్ద చెప్పింది. "ఇంట్లోవాళ్ళకి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. అందుకు."

వెళ్ళేటప్పుడు నా పక్కన నడిచింది. చెయ్యి పట్టుకోలేదు, పక్కన నడిచింది. "మా నాన్న ఆగస్టు అయిదున వస్తాడు. నిజంగా వస్తాడో లేదో తెలీదు. టికెట్టు మాత్రం కొన్నాడు" అంది. పదేళ్ళ పిల్ల నోట అంత కచ్చితమైన మాట. అలా మాట్లాడటం దానికి నేర్పింది నేనే.

నిన్న వీత ఉద్యోగం ఖాయమైందని కాగితం వచ్చింది. పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. చాలాసేపు వదల్లేదు. ఏదో చెప్పబోయింది. "పిన్నీ, ఆ రోజు..." అంది. నేను ఆగాను. తను చెప్తే వినాలని ఆగాను, అక్కా. కానీ అది కళ్ళు తుడుచుకుని, "ఏం లేదు" అంది. దానికి ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్తుంది. నాకు తెలుసని దానికి తెలియదు.

పాపాలు ఒప్పుకునే వేళ, పాపసంకీర్తనంలో, ఫాదర్ సవీనోకు నా అబద్ధం సంగతి చెప్పాను. ఆ వంటింటి మౌనం గురించి కూడా చెప్పాను, ఎవరి కోసమో చెప్పలేదు. "చెప్పకపోవడం వేరు, అబద్ధం వేరు ఎర్మెలిందా" అన్నారు. ఆయన చదువుకున్నవాడు. నాకు మాత్రం రెండింటి మధ్య గోడ అంత మందంగా కనబడటం లేదు. సగం చెప్పి నేను ఏం చేశానో ఈ వసంతంలో చూశాను. ఆఫీసు కాగితంలో ఉన్నది సగం. వీధిలో అరిచి చెప్పింది సగం. పిల్లలకు చెప్పినదాంట్లో కూడా వీత లేదు.

మొత్తం ఉన్నది ఈ ఉత్తరాల్లోనే, నీవి, నావి కలిపితే. ఎక్కడో ఒకచోట మొత్తం రాసి ఉండాలని నాకు అనిపిస్తోంది, ఎవరూ చదవకపోయినా సరే. నీ ఉత్తరాలు కూడా ఇందులోనే కట్టి పంపుతున్నాను. కవరు లావుగా ఉంటుంది, భయపడకు, అన్నీ కాగితాలే. చించకు, అక్కా. పెట్టెలో దాచు. నీ కోడలికి గానీ, వీతకు గానీ, ఎవరికీ చూపించకు.

నీ ఎర్మెలింద